ఏ మొక్కైనా నాటితే వాగు పారుతుందా? ఆ మెసేజ్‌లో ఉన్న తప్పులు

వానాకాలం మొదలైతే చాలు, ఒకే మెసేజ్ అన్ని గ్రూపుల్లోకీ వస్తుంది. అందులో ఉండేది ఇది: చెట్టు వాననీటిని దాచుకుని వేసవిలో వాగులోకి వదులుతుంది, అడవి నరికారు కాబట్టే వాగు ఎండింది, ఏ మొక్క నాటినా మూడేళ్లలో మళ్లీ పారుతుంది, అడవి ఉంటే వరద రాదు, వాగులో పడ్డ మానులు తీసేస్తే చేపలు పెరుగుతాయి. పంపేవాళ్లంతా అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లే. నాకూ ఆ ప్రేమ ఉంది. కానీ ఈ మాటలు నమ్మి మొక్కలు నాటితే పారే వాగు కూడా ఎండిపోవచ్చు, అలా ఎండినవి ఉన్నాయి కూడా.

చెట్టు నీళ్లు దాచి వదలదు, తాగుతుంది. తాగింది ఆకుల గుండా గాల్లోకి పోతుంది, ఆకుల మీద నిలిచిన వాన కొంత కింద పడకుండానే ఆవిరైపోతుంది. నీళ్లు దాచేది నేల. వేర్లు చేసిన సందులు, వానపాముల బొరియలు, కుళ్లిన ఆకుల పొర ఉన్న అడవి నేలలోకి వాన చక్కగా ఇంకుతుంది. అంటే అడవి ఒక పక్క నీళ్లు ఇంకిస్తూ, ఇంకో పక్క తాగుతూ ఉంటుంది. వాగుకు మిగిలేది ఈ రెండిట్లో ఏది ఎక్కువన్న దాన్నిబట్టే.

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు, కొలిచారు. పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు చిన్న లోయలు ఎంచుకుంటారు. ఒక్కో వాగుకూ అడ్డంగా చిన్న సిమెంటు కట్ట కట్టి, మధ్యలో వి ఆకారంలో గండి వదులుతారు. ఆ గండిలో నీటి మట్టం ఎంతుందో చూస్తే ఎంత ప్రవాహం పోతోందో లెక్క తేలుతుంది. కొన్నేళ్లు రెంటినీ కొలిచాక ఒక లోయలో చెట్లు కొట్టి, రెండోది ముట్టుకోకుండా వదిలేస్తారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్‌లో 1965 చివర్లో ఒక లోయ మొత్తం నరికి, మళ్లీ చిగురించకుండా మందు కొట్టారు. వాగు ఎండలేదు, మొదటి ఏడాదే ప్రవాహం 40 శాతం దాకా పెరిగింది. అలాగని నరకడం మంచిదని కాదు. నేలలోని నత్రజని కొట్టుకొచ్చి, నీళ్లలో నైట్రేటు పదుల రెట్లు పెరిగి తాగునీటి పరిమితి దాటిపోయింది, వాగంతా పాచి పట్టింది. పక్కనున్న లోయలో అడవి అలాగే ఉంది, అక్కడి వాగు తేటగా పారింది. అడవి ఇచ్చేది ఇదీ, తేటనీరు. ఎక్కువ నీరని చెప్పుకోవక్కర్లేదు.

"ఏ మొక్కైనా సరే" అన్న మాటకే నాకు అన్నిటికంటే బాధేస్తుంది. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గాన్‌లో గడ్డిమైదానం ఉన్న లోయలో బ్లూగమ్, అంటే నీలగిరి చెట్లు నాటి కొలిచారు. మొదటి పదేళ్లలో ప్రవాహం 16 శాతం తగ్గింది, కొట్టాక మళ్లీ చిగురించిన రెండో విడతలో 25 శాతం దాకా పోయింది. దక్షిణాఫ్రికాలోని మొకోబులాన్‌లో ఇంకా ఘోరం, గడ్డినేలలో యూకలిప్టస్ (ఆ నీలగిరి జాతి చెట్లే) నాటిన తొమ్మిదో ఏటికి వాగు పూర్తిగా ఎండింది. పదహారో ఏట చెట్లు కొట్టేశాక కూడా అది మళ్లీ నిలకడగా పారడానికి ఐదేళ్లు పట్టింది. ఖమ్మం వైపు జామాయిల్ తోటల్ని, అంటే ఈ యూకలిప్టస్ తోటల్నే చూసి "పచ్చదనం పెరిగింది" అని సంబరపడేవాళ్లు ఈ లెక్కలు ఒక్కసారి చూడాలి.

ఆ మెసేజ్‌లో సగం నిజం ఒకచోట ఉంది. పశువులు, మనుషులు తొక్కి తొక్కి గట్టిపడిన నేల మీద వాన ఇంకకుండా జారిపోతుంది. అలాంటి చోట సహజమైన అడవి మళ్లీ పెరిగితే నేల గుల్లబారి వేసవి ఊట మెరుగుపడే వీలుంది. పశ్చిమ కనుమల్లో ఉత్తర కన్నడ జిల్లాలో చేసిన పరిశోధనలు ఈ కోణంలోనే నడిచాయి. కానీ దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, మూడేళ్లలో అయ్యే పని కాదు.

వరద సంగతి: చిన్నాచితకా వానలకు అడవి అడ్డుపడుతుంది. రోజుల తరబడి కురిసి నేల నిండిపోయాక, అడవి ఉన్నా వచ్చేది వస్తుంది.

ఇక వాగులో పడ్డ మానులు. అమెరికా పశ్చిమ తీరంలో ఒకప్పుడు సాల్మన్ చేపలకు దారి కావాలని వాగుల్లోంచి దుంగలన్నీ లాగి పారేశారు. తర్వాత ఓరెగాన్‌లోని ఆండ్రూస్ అడవి లాంటి చోట్ల పరిశోధిస్తే తెలిసింది, ఆ దుంగల వల్లే మడుగులు ఏర్పడుతున్నాయి, గులకరాళ్లు నిలుస్తున్నాయి, పిల్ల చేపలకు చాటు దొరుకుతోంది అని. ఇప్పుడు డబ్బు ఖర్చు పెట్టి అవే దుంగల్ని తిరిగి వేస్తున్నారు. హబ్బర్డ్ బ్రూక్‌లోనే బేర్ బ్రూక్ అనే చిన్న వాగుని లెక్కగడితే, అందులోని జీవులకు అందే శక్తిలో 99 శాతానికి పైగా వాగు బయటి నుంచే, అంటే చుట్టూ ఉన్న అడవి నుంచీ ఎగువ నుంచీ వస్తోందని 1973లో తేల్చారు, రాలిన ఆకులూ అందులో భాగమే. కాబట్టి అడవిలోని వాగును "శుభ్రం" చేయడానికి జేసీబీ దింపే ముందు, గట్టున ఉన్న చెట్లనీ, అడ్డంగా పడ్డ మానునీ అలాగే ఉంచమని అడగండి. మొక్కలు నాటే కార్యక్రమం పెడితే అవి ఏ జాతివో, అక్కడ ముందు గడ్డి ఉండేదా అడవి ఉండేదా అనేది కూడా అడగండి.