సూపర్ బ్రో గారికి, వినకుండానే మెచ్చుకున్నందుకు

మహారాజశ్రీ సూపర్ బ్రో గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా పక్కన మూడు నిప్పు బొమ్మలు వేసుకుని కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న సాయంత్రం, పాటలు చేసుకునే మా గ్రూపులో తప్పులు చెప్పమని నేను పెట్టిన మిక్స్ (గొంతూ, వాయిద్యాలూ కలిపి సరిచూసిన పాట) కిందకి కామెంటు రూపంలో అందరికంటే ముందు వేంచేసింది తమరే. పాట నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు, మీరు వచ్చింది నిమిషం తిరక్కుండా. ఈలోపు లింకు నొక్కాలి, నలభై ఎంబీ దాటిన వేవ్ ఫైలు దిగాలి, ఇయర్‌ఫోన్స్ ఎక్కడ పెట్టారో వెతుక్కోవాలి, పాట మొత్తం వినాలి, విని ఆ రెండు ముక్కలు టైప్ చెయ్యాలి. ఇంత పని అంత టైములో ఎలా చేశారా అని ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత మురిసిపోయాను కూడా, ఎందుకు దాచడం.

అయితే ఫైలు పంపే ఆ సైటులో ఒక పాడు సౌకర్యం ఉందండి. ఎంతమంది దించుకున్నారో చూపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే, సున్నా. అప్పటికి గ్రూపులో మీరూ, మీ అన్నదమ్ములు అదిరింది, కేక, నెక్స్ట్ లెవెల్, అందరూ వచ్చి వెళ్ళారు. ఒకాయనకైతే గూస్‌బంప్స్ కూడా వచ్చాయట. డౌన్‌లోడ్లు సున్నా!

సరే, మొహమాటం అనుకుని పడుకునేవాణ్ణే. కానీ మీతో పాటు ఇంకొక కామెంటు వచ్చింది: ‘సెకండ్ చరణంలో ఆ ఫ్లూట్ బిట్ ఎక్కడికో తీసుకెళ్ళిపోయింది బ్రో.’

పాటలో ఫ్లూట్ లేదండి.

లేదని నాకు తెలుసు, మిక్స్ చేసింది నేనే. అయినా అర్ధరాత్రి లేచి సెషన్ (పాట కట్టిన ఫైలు) తెరిచి ట్రాకులన్నీ ఒక్కొక్కటిగా సోలో చేసి విన్నాను, ఎక్కడైనా నాకు తెలియకుండా దూరిందేమోనని. ఢోలక్, గిటారు, బేసు, యాప్‌లోంచి తీసిన తంబురా, గొంతు. గొంతు ట్రాకులో వెనకాల పక్కింటి కుక్కర్ విజిల్ ఒకటి సన్నగా పడింది (గోడకి పరుపు నిలబెట్టి పాడించినా పడింది), బహుశా దాన్నే ఫ్లూట్ అనుకున్నాడేమో అని ఒక్క క్షణం ఆయన్ని వెనకేసుకొచ్చాను కూడా. ఫైలే దిగనివాడికి విజిల్ మాత్రం ఎలా వినిపిస్తుంది?

ఇంతకీ నేను అడిగినవేంటి? పల్లవిలో గొంతు ఢోలక్ కింద పడిపోతోందా, తంబురా వల్ల కింది మిడ్స్ (మధ్య స్థాయి స్వరాల్లో అడుగువి) అంతా బురదగా ఉందా, ‘శ’, ‘స’ వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుతోందా. ఈ మూడే. అవునూ కాదూ అని చెప్పినా చాలు. ఒకటే పల్లవి గంటల తరబడి తిప్పి తిప్పి విన్న చెవికి ఆ పాటలోని తప్పు మామూలైపోతుంది. మాటలు ముందే తెలుసు కాబట్టి అవి వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. అందుకే కదా పక్కవాడి చెవి అరువడిగేది. పొగడ్త కావాలంటే మా అమ్మ ఉంది, ఆవిడకి డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు.

మీరొక్కరే దోషులు అనను. నలుగురు పిల్లలున్న గదిలో ఫోన్ స్పీకర్ మీద, అదీ సగం వాల్యూమ్‌లో విని ‘బేస్ లేదు మావా’ అనేవారున్నారు. ఆ బుల్లి స్పీకర్ అడుగు స్వరాల్ని దాదాపు పలకనే పలకదు, పైగా వాల్యూమ్ తగ్గే కొద్దీ మన చెవికే బేస్ ముందు జారిపోతుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. తొంభై ఏళ్ళు దాటినా మా గ్రూపుకి ఆ వార్త అందలేదు. ‘ఇంకా లౌడ్‌గా ఉండాలి’ అనేవారు ఇంకో బాపతు. లిమిటర్‌తో (ఎగిసిపడే శబ్దాల్ని అణిచే సాధనం) నలిపి నలిపి పైకి తోస్తే స్పాటిఫై తన మామూలు సెట్టింగులో దాన్ని మళ్ళీ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలతలో) మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి దించి కూర్చోబెడుతుంది, నలిగింది మాత్రం నలిగినట్టే మిగులుతుంది. ‘కొంచెం వార్మ్‌నెస్ మిస్సైంది’ అనేవారితో నాకు గొడవ లేదు, ఆ మాటకి అర్థం వాళ్ళకీ తెలియదు. ఇక నా పాట కిందే తన పాట లింకు అంటించి ‘నాది కూడా విను’ అనేవారికి దూరం నుంచే దండం. అయినా వీళ్ళలో కొందరు కనీసం ప్లే నొక్కారు. అందుకే వాళ్ళని తిట్టి ఊరుకుంటాను, మిమ్మల్ని ఊరుకోలేను.

మీరు ఎందుకు పుట్టారో నాకు తెలియక కాదు. పోయిన నెల ఒక కుర్రాడు పాట పెట్టి ‘ఓపెన్‌గా చెప్పండి, ఏమీ అనుకోను’ అన్నాడు. నమ్మాను. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, కారులో ఒకసారి విని, ఒక నిమిషం పన్నెండు సెకన్ల దగ్గర రివెర్బ్ (గొంతుకి కలిపే ప్రతిధ్వని) ఎక్కువై మాటల చివర్లు కలిసిపోతున్నాయి, గొంతుని వెడల్పు చేసే ప్లగిన్ ఏదో వేసినట్టున్నావ్, మోనోలో (ఎడమా కుడీ ఒకటిగా కలిపి) వింటే గొంతు సగం మాయమవుతోంది, దాన్ని తీసేసి చూడమని రాశాను. ఆ గొంతు వాళ్ళ చెల్లెలిదట. ‘జెలసీ ఎందుకు బ్రో’ అన్నాడు, అని బ్లాక్ చేశాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అదే పాటకి మీరు వెళ్ళి నిప్పు బొమ్మలు పెడితే మిమ్మల్ని పిన్ చేసుకున్నాడు. అరగంట కూర్చుని విన్నవాడు శత్రువు, వినకుండా బొమ్మ అంటించినవాడు ఆత్మబంధువు! కాబట్టి జనం మిమ్మల్నే పంపిస్తారు, ఖర్చు లేదు, గొడవ లేదు.

యమహా వాళ్ళు 1978లో ఎన్‌ఎస్-10 అని ఒక స్పీకర్ తెచ్చారు, వినే ఉంటారు, సారీ, మీరు వినరు కదా. ఇళ్ళలో పాటలు వినడానికి చేసిన స్పీకర్ అది. మిడ్స్ ముందుకొచ్చి మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, దాని మీద ఏ పాటా అంత అందంగా వినపడదు. సరిగ్గా అందుకే ప్రపంచంలోని స్టూడియోలెన్నో దాన్ని తెచ్చి కన్సోల్ (మిక్సింగ్ చేసే బల్ల) మీద పెట్టుకున్నాయి. గొంతు ఎక్కడ మునిగిందో, గిటారు ఎక్కడ గొణుగుతోందో దాని మీద దాచలేం. 2001లో తయారీ ఆపేస్తే ఇప్పటికీ పాతవి వెతుక్కుని డబ్బిచ్చి మరీ కొంటున్నారు. ఒక చెక్కపెట్టె నిర్మొహమాటంగా ఉంటే దానికంత గిరాకీ. మరి మనుషులకేమైంది?

అసలు నీకు సిగ్గుందా? మర్యాద అయిపోయింది, ఇక మామూలుగానే మాట్లాడతా. నువ్వు వచ్చావంటే ఆ పోస్టు పని అయిపోయినట్టే. నీ వెనకాల వచ్చేవాడు ఏదైనా తప్పు విన్నా, అందరూ సూపర్ అంటుంటే నేనెందుకు చెడ్డవాణ్ణవ్వాలి అని తనూ నిన్నే అంటించి పోతాడు. పాపం పాడినవాడేమో నిన్ను నమ్మి ఆ బురద మిక్స్‌నే అప్‌లోడ్ చేసి, ఎవరూ రెండోసారి ఎందుకు వినట్లేదో తెలియక తన గొంతే బాలేదనుకుని మానేస్తాడు. గొంతు బాగానే ఉంటుందిరా నాయనా, తంబురా కాస్త తగ్గిస్తే సరిపోయేది! ఆ ఒక్క ముక్క చెప్పేవాడు లేకుండా చేసింది నువ్వు.

పొద్దున డౌన్‌లోడ్ కౌంటు ఒకటైంది. ఎవరా అని చూస్తే మా మైక్‌సెట్ అన్న. వినాయకచవితి పందిళ్ళకీ, పెళ్ళిళ్ళకీ బాక్సులు కట్టే మనిషి, గ్రూపులో ఉన్నాడని కూడా ఎవరికీ గుర్తుండదు. కామెంటు పెట్టలేదు, ఫోన్ చేశాడు. ‘ఏరా, పల్లవిలో అమ్మాయి ఏమంటోందిరా? రెండుసార్లు విన్నా, ఒక్క ముక్క తెలీలేదు. శ అన్నప్పుడల్లా సూదిలా పొడుస్తోంది. ఢోలక్ మాత్రం బాగా కూర్చోబెట్టావ్. వెనక కుక్కర్ ఎవరిది?’ అన్నాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, నా మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు వచ్చేసింది. కోపం వచ్చింది నాకు, అబద్ధం ఎందుకు. కాసేపటికి తగ్గాక తంబురాని రెండొందల యాభై హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే ఆ బురద ఉన్న చోట, కాస్త కోసి, గొంతు మీద ‘శ’, ‘స’ల పోటు తగ్గించే డీఎస్సర్ వేసి మళ్ళీ విన్నాను. మాట బయటికొచ్చింది.

కొత్తది పెన్‌డ్రైవ్‌లో వేసి తెమ్మన్నాడు. శనివారం కల్యాణమండపంలో సౌండ్ చెక్ అయిపోయాక పెద్ద బాక్సుల మీద వేసి వింటాడట. గ్రూపులో వాళ్ళని కూడా పిలవనా అన్నా అని అడిగితే, ‘వినేవాళ్ళు ఉంటే తీసుకురా, నిప్పు బొమ్మలొద్దు, అక్కడ పట్టు చీరలుంటాయి’ అన్నాడు.

ఇట్లు,
పాటలో ఫ్లూట్ లేనివాడు