బిర్యానీ పక్కన ఆ సీసా వద్దు

పోయిన దీపావళి విందుకి ఒకాయన ఎంతో ప్రేమగా రెండు స్ఫోర్సాతో సీసాలు తెచ్చారు. ఖరీదైన ఇటలీ ఎర్ర వైన్. దమ్ బిర్యానీతో పాటు తాగినవాళ్లంతా ఒకటే మాట: "చేదుగా ఉంది, నోరు మండిపోతోంది." చివరికి ఒక సీసా సగం సింకులో పోశాం. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ వైన్ ఎక్కడిదో స్విట్జర్లాండ్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు, తెలిసినట్టు తెలియదంతే. ఇంటి నుంచి అమ్మానాన్నలు వస్తే మనం తప్పకుండా ఎక్కించే ఎర్ర రైలు ఉంది కదా, బెర్నినా. 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిజియో బెర్నినా నుంచి మెలికలు తిరుగుతూ దిగి, 429 మీటర్ల దగ్గర, ఇటలీలోని తిరానో ఊళ్లో ఆగుతుంది. అక్కడ పిజ్జా తిని, ఫొటోలు దిగి, తిరుగు రైలెక్కేస్తాం. ఒక్కసారి తలెత్తితే కొండ మీద మెట్లుమెట్లుగా కనిపించేవి ఈ వైన్ పుట్టిన తోటలే. ఆ లోయ పేరు వాల్తెల్లీనా. అద్దా నది ఇక్కడ తూర్పు నుంచి పడమరకి పారుతుంది కాబట్టి, ఉత్తరపు ఒడ్డున ఉన్న వాలు దక్షిణానికి తిరిగి రోజంతా ఎండ కాచుకుంటుంది. ఆ మట్టిని జారిపోకుండా పట్టుకున్నవి సిమెంటు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. అన్నీ కలిపితే సుమారు 2,500 కిలోమీటర్లు అంటారు. కోత అంతా చేత్తోనే. కొన్నిచోట్ల పళ్ల పెట్టెలు హెలికాప్టర్‌లో కిందికి దిగుతాయి. ఒక ప్రాంతం పేరే ఇన్ఫెర్నో, అంటే నరకం.

ద్రాక్ష రకం పేరు "నెబ్బియోలో". ఇటలీలో పేరున్న "బరోలో" అనే ఎర్ర వైన్ చేసేది కూడా దీంతోనే. 1512 నుంచి 1797 దాకా ఈ లోయని గ్రౌబ్యూండెన్ వాళ్లు, అంటే ఇప్పటి స్విట్జర్లాండ్ తూర్పు రాష్ట్రం వాళ్లు, ఏలారు. అందుకే గ్రౌబ్యూండెన్ హోటళ్లలో ఈ వైన్ ఇప్పటికీ వెల్ట్‌లీనర్ అనే పేరుతో వస్తుంది. ఆస్ట్రియా తెల్ల వైన్ గ్రూనర్ వెల్ట్‌లీనర్ వేరు, కంగారు పడకండి.

గ్లాసులో రంగు పల్చగా ఉంటుంది. అది చూసి తేలికని అనుకుంటే మోసపోయినట్టే. నోట్లో పోసుకోగానే తెలిసేది వగరు. దీన్ని చెప్పడానికి మా ఆఫీసులో వాళ్లు మూడు వాక్యాలు వెతుక్కుంటారు, మనకి ఒక్క మాట చాలు. మామిడి పిందె కొరికినవాళ్లం, నేరేడు పళ్లు తిని నాలుక మొద్దుబారినవాళ్లం, ఉగాది పచ్చడిలో దానికి చోటిచ్చినవాళ్లం. మనం కూడా దాన్ని చేదు అంటే ఎలా?

ఈ వగరుకి వెన్న, జున్నులాంటి కొవ్వు తగిలితే మెత్తబడుతుంది. కారం తగిలితే ఇంకా గరుకెక్కుతుంది, ఆల్కహాల్ ఆ మంటని పెంచుతుంది. స్ఫోర్సాతో సంగతి మరీ మొండి. ద్రాక్షని నెలల తరబడి ఆరబెట్టి చేస్తారు, ఆల్కహాల్ కనీసం 14 శాతం ఉంటుంది. దాన్ని బిర్యానీ పక్కన పెట్టి నేరం వైన్ మీద వేశాం.

దాని అసలు జోడీ పిత్సోకెరి. బక్‌వీట్ పిండితో, అంటే ఉత్తరాదిలో ఉపవాసాలకి వాడే కుట్టు పిండితో, చేసిన వెడల్పాటి పాస్తా. బంగాళాదుంప, క్యాబేజీతో కలిపి ఉడికించి, పొరపొరకీ కజేరా చీజ్ వేసి, ఆఖర్న వెల్లుల్లి వేయించిన వెన్న సుయ్‌మని పోస్తారు. అచ్చం మన పోపే! ఒక ముద్ద తిని ఒక గుక్క తాగితే తర్వాతి ముద్దకి నోరు మళ్లీ శుభ్రంగా ఉంటుంది. చీజ్ లోపల పెట్టి వేసే బజ్జీలుంటాయి, ష్యాట్ అంటారు, అవీ బాగుంటాయి. బ్రెజావోలా అని ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం ఉంటుంది, అది ఎక్కువగా గొడ్డుమాంసమే, తిననివాళ్లు ముందే చెప్పాలి. ఇంకో మాట: శాకాహారులు నిశ్చింతగా పిత్సోకెరి తెప్పించుకుంటారు కానీ, కజేరా చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే, పాలని విరిచే రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్లకి ఇది తెలియాలి.

మరి మన తిండితో అసలు పనికిరాదా అంటే, ఇంట్లో ఒకసారి ముద్దపప్పు, దండిగా నెయ్యి, అప్పడాలతో తాగి చూశాను. అదే లోయలోని ససెల్లా ప్రాంతపు మామూలు వైన్ సీసా, స్ఫోర్సాతో కాదు. చక్కగా కుదిరింది. మా ఆవిడ అలవాటుగా ఆవకాయ జాడీ తెచ్చి బల్ల మీద పెట్టబోతే, బతిమాలి వంటింట్లోకి వెనక్కి పంపించాను.