పెద్దన్నగారి చదివింపులు

మనం దాతలమయ్యాం. ఈ సంగతి హైదరాబాదులో చాలామందికి ఇంకా తెలియకపోవడం విచారకరం. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయిందంటే పొద్దున పాలప్యాకెట్లు వేసే కుర్రాడికి కూడా తెలుసు. 2015 అక్టోబరులో ఆఫ్రికా దేశాధినేతలను ఢిల్లీకి పిలిచి, అయిదేళ్లలో 1000 కోట్ల డాలర్లు చౌక వడ్డీకి అప్పుగా, మరో 60 కోట్ల డాలర్లు ఊరికే ఇస్తామని మన ప్రభుత్వం మాటిచ్చిందని చెబితే మాత్రం "అయితే మా వీధిలో డ్రైనేజీ సంగతేంటి?" అని అడుగుతారు. దాతకు ఉండాల్సిన విశాల హృదయం మనలో ఇంకా పూర్తిగా తయారవలేదు.

నిజానికి దానం చేయడం మనకు పుచ్చుకుంటూ పుచ్చుకుంటూ అబ్బిన విద్య. 2003 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి జశ్వంత్ సింగ్ రెండు మాటలు ఒకే గుక్కలో చెప్పారు. చిన్నాచితకా దేశాల దగ్గర ఇకమీదట సాయం తీసుకోం; బయటి దేశాలకు మేమే సాయం చేస్తాం. అమెరికా, బ్రిటన్, జపాన్, జర్మనీ, రష్యా, యూరప్ కూటమి వంటి పెద్దవాళ్లతో మాత్రం రాకపోకలు యథాప్రకారం. ఆ తర్వాతే మన ఔటర్ రింగు రోడ్డులో కొంత భాగానికి, హుస్సేన్‌సాగర్ కడగడానికి జపాన్ అప్పిచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అల్లుడికి కూడా గౌరవమర్యాదలుంటాయి.

వర్ధమాన దేశాల మధ్య సాయంలో పెత్తనం ఉండదు, షరతులుండవు, అన్నదమ్ముల అనుబంధమే ఉంటుందని ఉపన్యాసాల్లో చెబుతారు. అక్షరాలా నిజం. మన పెళ్లిళ్లలో చదివింపులు ఎలాగో ఇదీ అలాగే. మైకులో పేరూ ఊరూ చదువుతారు, పక్కనే కూర్చున్న పెద్దమనిషి నోటుపుస్తకంలో ఎక్కిస్తాడు. రేపు వాళ్లింట్లో శుభకార్యానికి లెక్క తేలాలి కదా! ఎగుమతి దిగుమతుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా మనమిచ్చే అప్పులో ఆ రేపటిదాకా ఆగే పని కూడా లేదు. మామూలుగా అప్పు సొమ్ములో 75 శాతం విలువైన సరుకూ సేవలూ భారతదేశం నుంచే కొనాలి. అంటే డబ్బు చాలావరకు మన బ్యాంకులో బయల్దేరి మన కంపెనీ ఖాతాలోనే దిగుతుంది. సముద్రం దాటేది సరుకు, బిల్లు. అప్పు మాత్రం అక్కడి దేశం పేరు మీద ఉంటుంది. దీన్ని షరతు అనడం మొరటుతనం. అభిమానం అనాలి.

ఇథియోపియా చక్కెర పరిశ్రమకు ఇలాగే 64 కోట్ల డాలర్లు అభిమానించాం. తెందాహో ఫ్యాక్టరీ పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఇక్కడ కిట్టనివాళ్లు బోధన్ సంగతి ఎత్తుతారు. నిజాం కాలంలో 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ మన చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతబడింది. ప్రభుత్వ రంగ సంస్థలను వదిలించుకోవడం ఎలాగో ఆ రోజుల్లో ఉమ్మడి రాష్ట్రానికి కన్సల్టెంట్లను పెట్టి మరీ నేర్పించింది బ్రిటన్ అభివృద్ధి సాయమే. అయితే ఏమిటట? ఇంట్లో చక్కెర ఫ్యాక్టరీకి తాళం వేసిన అనుభవం లేనివాడు పొరుగువాడి ఫ్యాక్టరీకి ఏం సలహా ఇస్తాడు?

సాయం వెనకాలే పెట్టుబడి వెళ్తుంది. గులాబీలు పెంచే బెంగళూరు కంపెనీ కరుటూరి గ్లోబల్ ఇథియోపియాలోని గాంబెల్లాలో లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకుంది. ఏడాదికి హెక్టారుకు వాళ్ల డబ్బులో 20 బిర్. అప్పటి లెక్కలో ఒక డాలరు, పైన కాస్త చిల్లర. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఈ లెక్క మాకు తెలిసిన ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటుకు చెప్పాను. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "టైటిల్ క్లియరేనా సార్? ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు?" అన్నాడు.

టైటిల్ క్లియరే. సంతకం చేసింది సాక్షాత్తూ ఇథియోపియా ప్రభుత్వం. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న అనువాక్ జనం మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా లేరు. 2011లో బారో నది పొంగి మొక్కజొన్న పంట మునిగింది. 2015 చివర్లో, తీసుకున్న నేలలో సాగు చేసింది బహు కొద్ది అంటూ ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. నా బాధల్లా ఒక్కటే. చెరువు శిఖంలో ప్లాటు కొని, 2020 అక్టోబరు వానలకు పడవలో బయటికొచ్చిన హైదరాబాదీలు ఎంతమంది లేరు? వాళ్లలో ఒక్కణ్ని కన్సల్టెంటుగా పెట్టుకుని ఉంటే, నీళ్లు వాటి దారి మర్చిపోవని మొదటి రోజే చెప్పేవాడు. అందుకు ఫీజు కూడా అక్కర్లేదు, భోజనం పెడితే చాలు.

ఇక గోదానం. 2018 జులైలో ప్రధాని మోదీ రువాండాలో రువేరు అనే ఊళ్లో 200 ఆవులను బహూకరించారు. పేద కుటుంబానికి ఆవునిచ్చి, దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను ఇరుగుపొరుగుకు ఇప్పించే 'గిరింకా' పథకం వాళ్లది, 2006 నుంచి నడుస్తోంది. మంచి పథకం. అయితే ఆవులు కూడా వాళ్లవే. అక్కడే కొని అక్కడే ఇచ్చారు. రువాండా ఆవు రువాండా రైతు చేతి నుంచి రువాండా రైతు చేతికి వెళ్లింది, మధ్యలో మన ఫోటో పడింది. దీన్ని తప్పు పట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. ఆ 75 శాతం నిబంధన ఇక్కడా పెట్టి ఉంటే ఒక్కో ఆవులో ముప్పావు భాగాన్ని శంషాబాదు నుంచి కార్గోలో పంపాల్సి వచ్చేది. నిబంధన అప్పులకే గానీ దానాలకు కాదు కాబట్టి గోమాత బతికిపోయింది. అదే పర్యటనలో 20 కోట్ల డాలర్ల అప్పు కూడా ప్రకటించారు. దాని ఫోటో మీరు చూసి ఉండరు.

ఘనా సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడి అధ్యక్ష భవనం మన అప్పుతో, మన కంపెనీ చేత 2008లో పూర్తయింది. తర్వాతి అధ్యక్షుడు అందులో కాపురం పెట్టలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. జూబిలీ హౌస్, ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్, 2018లో మళ్లీ జూబిలీ హౌస్. సచివాలయానికి ముఖ్యమంత్రి రాకుండానే ఏళ్లు గడిచిన నగరంలో ఉంటూ దీన్ని వింతగా చెప్పుకోకూడదు. వాస్తు చూసి ఉండరు, అంతే.

సెనెగల్ ఒక్కటే నా వ్యాసానికి పనికిరాకుండా పోయింది. అప్పు మీద మన నీటి పంపులు వెళ్లాయి, వరి పంట పెరిగింది. ఇలాంటివి జరుగుతుంటే వ్యంగ్యం రాసేవాళ్లు ఎలా బతకాలి?

మన ఊళ్లో జరిగే సాయం కూడా ఇదే బాపతు. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకు, రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు ఆఫ్రికా, ఆసియా దేశాల ఉద్యోగులు శిక్షణకు వస్తారు. రానుపోను టికెట్, బస, చేతిఖర్చు అన్నీ మనవే. తిరిగి ఏమీ కొనక్కర్లేదు. అందుకేనేమో దీని గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వరు.

2015 సభలో 50 వేల స్కాలర్‌షిప్పులు కూడా ప్రకటించారు. అలా స్కాలర్‌షిప్ మీద చదువుకోవడానికి వచ్చిన టాంజానియా కుర్రాడొకడు హబ్సిగూడలో మా పక్కింటి గేటుకు వేలాడుతున్న టులెట్ బోర్డు చూసి లోపలికి వచ్చాడు. ఇంటాయన రిటైర్డ్ ఇంజినీరు. ఆఫ్రికాకు మనమెంత చేస్తున్నామో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు, ఆయన ఫోన్‌కు రోజూ వీడియోలొస్తాయి. కుర్రాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. గాంధీగారు, నెల్సన్ మండేలా అయ్యాక అద్దె సంగతికొచ్చారు. బోర్డు మీద పన్నెండు వేలున్న గది పదహారు వేలైంది. మూడు నెలల అడ్వాన్సు. ఇన్వర్టర్ వాళ్లబ్బాయి షాపులోనే తీసుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ బామ్మర్ది మనుషులే వేస్తారు, ఆ డబ్బు అడ్వాన్సులో పట్టుకుంటారు.

కుర్రాడు అన్నిటికీ తలూపాడు. చివర్లో మాత్రం, "ఇదంతా పేపర్ మీద రాసిస్తారా అంకుల్?" అన్నాడు.

ఇంటాయన మొహం చిన్నబోయింది. "మన మధ్య కాగితాలేంటి బాబూ? నువ్వు మా ఇంట్లో పిల్లాడి లాంటివాడివి."

ఆలోచించుకుని చెప్తానంటూ అతను వెళ్లిపోయాడు. గేటు వేసి వస్తూ ఆయన నా వైపు తిరిగారు.

"చూశారా మాస్టారూ, మనం ఎంత చేసినా నమ్మరు వీళ్లు."