దోమల పొగబండి కన్నా టార్చి లైటు మేలు

డెంగీ వస్తే ఆరోగ్య శాఖ పొగ కొట్టి చేతులు దులుపుకుంటుందని మీ వ్యాసంలో రాశారు. నేను చూసింది వేరు. మొన్న శుక్రవారం ఏఎన్ఎం, ఆశా కార్యకర్త వచ్చి మా పెరట్లో పడి ఉన్న కొబ్బరి చిప్పలో టార్చి లైటు వేశారు. తోకలాడిస్తూ దోమ లార్వాలు! నాకు తల కొట్టేసినట్లయింది. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు, అందుకే వారానికోసారి నీళ్లు పారబోయమంటారు. పారబోస్తేనే సరిపోదు, తొట్టి గోడలు రుద్దాలి. ఆ గోడలకు అంటుకున్న ఏడిస్ (డెంగీ దోమ) గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. పొగకు చచ్చేవి ఎగిరే దోమలే. అయినా పొగబండి రాలేదని కార్పొరేటర్‌కు ఫోన్లు చేసేది మనమే (నేనూ చేశాను). కాలువలో పూడిక సంగతంటారా, అది మునిసిపాలిటీ పని. దాని మీద రాయండి, నేనూ సంతకం పెడతాను.