శ ఎన్ని రకాలు సార్?

మా చెల్లెలు వాళ్ళుండేది చంద్రగిరి దగ్గర. వాళ్ళ వీధిలో ఒక అబ్బాయున్నాడు, తొమ్మిదో క్లాసు, పుట్టినప్పట్నుంచీ చూపు లేదు, కానీ భలే చురుకు. సోషల్ పాఠం ఫోన్లో రెండుసార్లు వింటే చాలు, గడగడా అప్పజెప్పేస్తాడు. మొన్న పోయినప్పుడు ఊరికే అడిగా, 'శ్రీకాళహస్తిలో మొదటిది ఏ శ నాయనా?' అని. 'శ ఎన్ని రకాలు సార్?' అన్నాడు.

వాణ్ణేం తప్పు పడతాం. తొమ్మిదేళ్ళలో వాడి చేతికి అక్షరం అందించినోళ్ళే లేరు, వినిపించారు అంతే. కటువుగా ఉన్నా చెప్తున్నా, బ్రెయిలీ, అంటే వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి, నేర్పకుండా చూపు లేని పిలకాయల్ని క్లాసులు దాటిస్తున్నామంటే వాళ్ళని నిరక్షరాస్యులుగానే పెంచుతున్నాం. పరీక్షల్లో ఇది బయటపడదు కూడా, ఎందుకంటే రాసేది స్క్రైబ్, గంటకు 20 నిమిషాలు ఎక్కువ టైమిస్తారు, వీడు నోటితో చెప్తాడు, కింది క్లాసు పిల్లోడు రాస్తాడు, ఆ స్పెల్లింగ్ ఎవరిదని ఎవరడిగారు?

చట్టానికేం లోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం బ్రెయిలీ వచ్చిన టీచర్లని పెట్టుకోమనే చెప్తోంది. ఇక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత సెంటరు, అందులో ఒకరో ఇద్దరో ఐఈఆర్‌టీలు, అంటే ఆ పిల్లలకి చెప్పే టీచర్లు, వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, అందరూ వాళ్ళ నెత్తినే. బ్రెయిలీకి రోజూ గంట కూర్చోబెట్టే ఓపిక వాళ్ళకెక్కణ్ణుంచి వస్తుంది? జనవరి 4న మాత్రం, ఈ లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ పుట్టినరోజని, ఆయన ఫోటోకి దండ తప్పదు.

'ఇంకా ఆ చుక్కలెందుకండీ, ఫోనే మాట్లాడుతోంది కదా' అనే వాళ్ళున్నారు. చూపు లేకపోయినా సైన్స్ గ్రూపు కోసం కోర్టుకెక్కి గెలిచి అమెరికాలో ఎంఐటీ దాకా పోయిన శ్రీకాంత్ బొల్లా పేరు కూడా లాగుతారు. ఆయన చిన్నప్పుడు హైదరాబాద్‌లో అంధుల స్కూల్లో చదువుకున్నోడే, అది మర్చిపోతారు. ఫోన్ వద్దని నేనూ అన్లేదు. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ గొప్పదే, కాదనను. కానీ మన తెలుగు మెటీరియల్ సగం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిందే, దాన్ని స్క్రీన్ రీడర్‌కిస్తే పిచ్చి గీతలు చదువుతుంది. మిగతాది స్కాన్ చేసిన బొమ్మలు.

అసలు బ్రెయిలీ ఎంత ముచ్చటైన లిపో ఒకసారి చూడండి. గడికి ఆరు చుక్కలు, వాటితో 63 రకాల గుర్తులు. మనం 'తిరుపతి' నాలుగక్షరాల్లో రాస్తాం కదా, బ్రెయిలీలో ఏడు గళ్ళు పడుతుంది. త తర్వాత ఇ, ర తర్వాత ఉ, ఆ తర్వాత ప, మళ్ళీ త, మళ్ళీ ఇ. గుడి, కొమ్ము హల్లుకి అతుక్కోవు, అచ్చు వచ్చి పక్కన కూర్చుంటుంది. అంటే బ్రెయిలీ నేర్చిన పిల్లాడికి గుణింతం లోపల ఏముందో వేలి కొసకే తెలిసిపోతుంది, మన పిల్లలకి టీచరు బోర్డు మీద విడగొట్టి చెప్పినా ఎక్కని సంగతి అది. శ ఒక గుర్తు, ష ఇంకో గుర్తు, స మరోటి, వేలు పెడితే పొరపాటు పడే ప్రసక్తే లేదు. పలక మీద స్టైలస్‌తో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి గుచ్చుకుంటూ పోవాలి, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ఇదంతా చేతికి అలవాటయ్యేది ఆరేడేళ్ళ వయసులోనే, టెన్త్‌కి వచ్చాక మొదలుపెడితే వేళ్ళు మొరాయిస్తాయి.

లెక్కల సంగతి ఇంకా ఘోరం. 'ఎక్స్ ప్లస్ వన్ బై టూ' అని ఫోన్ చదివిందనుకోండి, మొత్తాన్ని రెండుతో భాగించాలా, ఒకటినే భాగించాలా? వింటే తెలీదు, తడిమితే తెలుస్తుంది. ఆ తడిమే దారి మూసేసి 'వీళ్ళకి లెక్కలు రావండీ, ఆర్ట్స్ గ్రూపే నయం' అని మనమే సర్టిఫికెట్ ఇచ్చేస్తాం.

నన్నడిగితే ఇది చూపు లేని పిల్లల గొడవ ఒక్కటే కాదు. వినడమే చదవడం అనుకునే జబ్బు ఊరంతటికీ పట్టింది. పెళ్ళి పిలుపు వాయిస్ మెసేజ్, పాఠం యూట్యూబ్, పేపర్ కూడా ఎవరో చదివి వినిపించాలి. అలిపిరి రోడ్డులో వాకింగ్ చేసేవాళ్ళ చెవుల్లో చూడండి, అందరికీ ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. అక్షరం అక్కర్లేదని మనకే అనిపిస్తున్నప్పుడు ఆ పిల్లాడికి బ్రెయిలీ పలక కొనిపెట్టాలని ఎవరికి గుర్తొస్తుంది?

ఆ రోజే మా మేనల్లుణ్ణీ అడిగా, అదే ప్రశ్న. వాడూ తొమ్మిదో క్లాసే, రెండు కళ్ళూ శుభ్రంగా కనిపిస్తాయి. 'ఉండు మామా' అని ఫోన్ తీసి మైకు బొమ్మ నొక్కాడు.