శిక్షావిధి లేదన్నాక మళ్లీ ఆ ‘కానీ’ ఎందుకు?

చాలా రోజులుగా అనాలా వద్దా అని ఆపుకుంటూ వచ్చిన మాట ఇది. ఇప్పుడు రాసేస్తున్నాను. కొందరికి కోపం వస్తుందని తెలుసు, రానివ్వండి.

బైబిలులోని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం మన క్రైస్తవుల్లో చాలామందికి కంఠతా వచ్చు. “కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదు.” శిక్షావిధి అంటే దోషివని తేల్చి శిక్ష వేసే తీర్పు. ప్రసంగీకుడు ఈ వచనాన్ని గట్టిగా చదువుతాడు. సంఘమంతా ఆమేన్ అంటుంది. ఆ ఆమేన్ పూర్తికాకముందే ఆయన ‘కానీ’ అందుకుంటాడు. కానీ నీ జీవితం ఎలా ఉంది? కానీ నిన్న రాత్రి నువ్వేం చేశావు? కానీ ఈ క్షణంలో ప్రభువు వస్తే నీ గతి ఏమిటి? మిగతా ప్రసంగమంతా ఆ ‘కానీ’ మీదే నడుస్తుంది. చివరికి శిక్షావిధి లేదన్న వచనం మీద ప్రసంగం విన్నవాళ్లంతా శిక్ష పడినవాళ్ల ముఖాలతో ఇంటికి వెళ్తారు.

ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు అలా చేయలేదు. ఆయన తర్వాతి వచనంలో షరతు పెట్టలేదు, కారణం చెప్పాడు. “క్రీస్తుయేసునందు జీవమునిచ్చు ఆత్మయొక్క నియమము పాపమరణముల నియమమునుండి నన్ను విడిపించెను.” విడిపించబోతోంది అని కాదు, నువ్వు బాగా ప్రవర్తిస్తే విడిపిస్తుంది అని కాదు. విడిపించింది. ముందు శిక్ష లేదన్న తీర్పు, ఆ తర్వాత నడక. మనం చేసిన ఘనకార్యమల్లా ఈ వరుసను తిరగేయడమే. ముందు సరిగ్గా నడువు, అప్పుడు తీర్పు సంగతి చూద్దాం అంటున్నాం. ఈ ఒక్క తిరకాసుతో సువార్త మొత్తం తలకిందులైపోయింది.

ఈ షరతుల యావ మనతో మొదలైంది కూడా కాదు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలులో ఈ మొదటి వచనం ఇంకాస్త పొడవుగా ఉంటుంది. శరీరాన్ని కాక ఆత్మను అనుసరించి నడిచేవారికి అన్న మాటలు దాని చివర చేరి ఉంటాయి. చాలా పాత గ్రీకు రాతప్రతుల్లో అవి అక్కడ లేవు. వాటి అసలు చోటు నాలుగో వచనం. నకలు రాసేవాడి కన్ను కిందికి జారి ఆ మాటలు పైకి వచ్చాయని పండితులు అంటారు. కన్నొక్కటే కాదు, మనసు కూడా జారిందని నా అనుమానం. ఏ షరతూ లేని క్షమాపణను చూస్తే మనిషికి ఎందుకో చెయ్యి ఆగదు, చివర ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. నాలుగో వచనంలో ఆ నడక గురించి పౌలు చెప్పేది వేరు. తన కుమారుణ్ణి పంపి పాపానికి శిక్ష విధించింది దేవుడు, ఆ పని ఫలితంగా మనం ఆత్మను అనుసరించి నడుస్తాం. నడక ఆ విడుదలలోంచి వచ్చేదే తప్ప దానికి కట్టే వెల కాదు.

ఏడో అధ్యాయం చివర్లో ఉన్న మనిషిని చూడండి. “నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అని కుమిలిపోతుంటాడు. ఆయన రక్షణ పొందినవాడా, పొందనివాడా అన్నది పాత తగువు. తొలి శతాబ్దాల సంఘంలో పెద్ద పండితుడైన అగస్టీను అంతటివాడు కూడా ముందు ఒక మాట, తర్వాత ఇంకో మాట అన్నాడు కాబట్టి దాన్ని ఇక్కడ తెంచబోవడం లేదు. కానీ ఒకటి ఎవరికైనా కనిపిస్తుంది. ఆ మాటల్లో ఎటు చూసినా నేను, నేను, నేను. ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి ఆ నేను పక్కకు తప్పుకుంటాడు, పరిశుద్ధాత్మ ప్రస్తావన పదిహేను సార్లకు పైనే వస్తుంది. మన బోధలో చాలా భాగం విశ్వాసిని ఏడో అధ్యాయం గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఇంకా ఏడువు, సరిపోలేదు అంటోంది. పైగా దానికి దీనత్వం అని పేరు పెట్టింది.

అది దీనత్వం కాదు. దేవుడు కొట్టేసిన అప్పుకు నెలనెలా వాయిదా పట్టుకుని వచ్చి నిలబడేవాణ్ణి దీనుడని ఎవరూ అనరు. అప్పిచ్చినవాడి మాట మీద నమ్మకం లేనివాడంటారు. ఎప్పుడో ఒప్పుకుని విడిచిపెట్టిన పాపం కోసం ప్రతి ఉపవాస కూటంలోనూ మళ్లీ మళ్లీ ఏడవడాన్ని ఆత్మీయతగా చూపించడం ఇకనైనా మానాలి.

అయితే తప్పు చేసినప్పుడు బాధ కలగకూడదా? కలగాలి. కాకపోతే బాధలన్నీ ఒకటి కావు. దైవచిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సుకు తీసుకువెళ్తుందని, లోకసంబంధమైన దుఃఖం మరణానికి తీసుకువెళ్తుందని పౌలు కొరింథీయులకు రాశాడు. యేసు శిష్యులైన పేతురు, యూదా ఒకే రాత్రి గురువుకు ద్రోహం చేశారు. పేతురు ఆయన ఎవరో తెలియదన్నాడు, యూదా డబ్బుకు ఆయన్ని పట్టిచ్చాడు. ఇద్దరికీ పశ్చాత్తాపం కలిగింది. యూదా ఆ డబ్బు కూడా తిరిగి ఇచ్చేశాడు, “నేను పాపము చేసితిని” అని నోటితో ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు, నష్టపరిహారం, కన్నీళ్లు లాంటివన్నీ లెక్కగట్టే మన పద్ధతిలో యూదాకే ఎక్కువ మార్కులు పడేవి. తేడా వాళ్లు వెళ్లిన దిక్కులో ఉంది. యూదా ప్రధాన యాజకుల దగ్గరకు వెళ్లాడు, “దానితో మాకేమి?” అన్నారు వాళ్లు. పేతురు, తిరిగి లేచిన యేసు ఒడ్డున కనబడగానే పడవ చేరేదాకా ఆగలేక నీళ్లలో దూకాడు.

పరిశుద్ధాత్మ ఒప్పించే తీరును గమనించినవాళ్లకు ఒకటి తెలుస్తుంది. ఆయన మాట సూటిగా ఉంటుంది. నిన్న ఫలానా మనిషి గురించి అబద్ధం చెప్పావు, వెళ్లి సరిచేసుకో. నీ భార్యతో ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించమని అడుగు. చెప్పిన పనికి ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. చేశాక మనసు తేలికపడుతుంది. ఇంకో గొంతు ఉంది, దానికి పేర్లు, తారీఖులు అక్కర్లేదు. నువ్వు ఇంతే, నువ్వు మారవు, నీలాంటివాడు ప్రార్థన చేయడమా అంటుంది. ఏం చేయాలో మాత్రం చెప్పదు. ఎందుకంటే నువ్వు ఏదో చేసి బయటపడటం దానికి ఇష్టం లేదు. ప్రకటన గ్రంథం సాతానును సహోదరుల మీద నేరం మోపేవాడు అంటుంది. ఆ పనిని వాడు వేదికలు ఎక్కి చేయాల్సిన అవసరం లేకుండా మనమే చేసిపెడుతున్నాం.

అపరాధ భావం పాపాన్ని ఆపుతుందని మన బోధకులు గట్టిగా నమ్ముతారు. నిజంగా ఆపుతుందా? ఒక యువకుణ్ణి తీసుకోండి. రాత్రి పొద్దుపోయాక ఫోనులో చూడకూడనిది చూశాడు. ఫోను బోర్లించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్రార్థన చేయాలనిపిస్తుంది గాని ఏ ముఖం పెట్టుకుని? రెండు రోజులు ఆగి, కాస్త శుభ్రపడ్డాక చేద్దామనుకుంటాడు. ఆ రెండు రోజులూ బైబిలు ముట్టుకోడు. సంఘంలో చివరి వరుసలో కూర్చుని, ఎవరూ పలకరించకముందే లేచి వెళ్లిపోతాడు. స్నేహితుడు పిలిస్తే ఫోను ఎత్తడు. మూడో రాత్రికి మిగిలేది ఒంటరితనం, దిగులు, అదే ఫోను. మొదటిసారి పడింది కోరిక వల్ల కావచ్చు, రెండోది మాత్రం సిగ్గు వల్లే. పాపం తీసుకోవడానికి వెళ్లాల్సిన చోటికి పాపం ఉందని వెళ్లలేకపోవడం, చిక్కంతా ఇక్కడుంది. హెబ్రీ పత్రిక కృపాసనం దగ్గరకు, అంటే కృప చూపే దేవుని సింహాసనం దగ్గరకు, ధైర్యంతో రమ్మంటుంది. అదీ శుభ్రపడ్డాక కాదు, సమయోచితమైన సహాయం కోసం. అంటే సహాయం అవసరమైన ఆ సమయంలోనే, ఫోను బోర్లించిన ఆ నిమిషంలోనే.

యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ సంఘం రొట్టె, పాత్ర పంచుకునే ప్రభువు బల్ల దగ్గర చూడండి ఈ వ్యాధి ఎంత ముదిరిందో. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. రొట్టె పళ్లెం వచ్చినప్పుడు దాన్ని రెండు చేతులతో భక్తిగా అందుకుంటారు. తల ఎత్తరు. పక్కామెకు అందించి చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. పాత్ర వచ్చినప్పుడూ అంతే. కారణం అడిగితే “నాకు ఆ యోగ్యత లేదు బాబూ” అన్నారు. ఆవిడను అలా చేసింది, అయోగ్యంగా ఆ రొట్టె తినేవాడు అపరాధి అవుతాడని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉన్న “అయోగ్యముగా” అన్న మాట. అసలు కొరింథులో జరిగింది వేరు. కలిగినవాళ్లు ముందే తిని తాగి మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ నిలబడ్డారు. పౌలు మండిపడింది ఆ తిండిపోతుల మీద, ఇలాంటి పెద్దావిడల మీద కాదు. పైగా ఆ తర్వాతి వచనం ఏమంటుంది? “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను.” పరీక్షించుకుని మానుకోమని లేదు, తినమని ఉంది. బల్ల నడిపించేవాళ్లు మొదటి సగం ఉరుములా చదివి, రెండో సగం గబగబా మింగేస్తారు.

ఇందులో మనం మొదటివాళ్లం కాదన్నది కొంత ఊరట. ప్రొటెస్టెంటు సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ 1505లో జర్మనీలోని ఎర్ఫర్టులో అగస్టీను సన్యాసుల మఠంలో చేరాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికి రాగానే ఇంకోటి గుర్తుకొచ్చి మళ్లీ లోపలికి వెళ్లేవాడు. వినే పెద్దాయన స్టౌపిట్జ్ విసిగిపోయేవాడు. లూథర్‌కు విడుదల వచ్చింది ఒప్పుకోలు పెంచడం వల్ల కాదు, దేవుని నీతి మనకు వరంగా ఇచ్చేదని రోమా పత్రికలో చూడటం వల్ల. రెండు శతాబ్దాల తర్వాత, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ కథా దాదాపు ఇదే. 1728 నుంచి అభిషేకం పొందిన పాదిరి. ఆక్స్‌ఫర్డులో వారానికి రెండు రోజులు ఉపవాసం, చెరసాలల్లో పరిచర్య. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడెక్కాడు, ఓటమి మూటగట్టుకుని తిరిగొచ్చాడు. 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక కూటానికి అయిష్టంగానే వెళ్లాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు, క్రీస్తు తన పాపాలను, తన పాపాలనే, తీసివేశాడన్న నిశ్చయత కలిగిందని రాసుకున్నాడు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకోటి ఉంది. ఏడాది తిరగకముందే, 1739 జనవరిలో, తాను ఇంకా క్రైస్తవుణ్ణి కానని అదే దినచర్యలో రాసుకున్నాడు వెస్లీ. అయినా బోధించడం ఆపలేదు. గుండె చల్లారిన రోజున కూడా తీర్పు తీర్పే. ఆత్మలో జీవితం అంటే ఎప్పుడూ ఒళ్లు పులకరించే అనుభూతి అని నేర్పేవాళ్లు దీన్ని కొంచెం ఆలోచించాలి.

ఆత్మ చేసే పని ఎక్కువగా చప్పుడు లేనిది. గలతీ పత్రికలో శరీరం చేసేవాటిని కార్యాలు అన్నాడు పౌలు, ఆత్మ ఇచ్చేదాన్ని ఫలం అన్నాడు. దీర్ఘశాంతం, ఆశానిగ్రహం ఒక్క పూట కూటంలో చేతులెత్తితే వచ్చేవి కావు. ఎనిమిదో అధ్యాయంలోనే శరీర క్రియలను చంపమని కూడా ఉంది, అది పోరాటమే. కానీ చంపాల్సింది “ఆత్మచేత”. ఆ పోరాటానికి ముందే శిక్షావిధి లేదన్న మాట చెప్పేశాడు. వెంటనే మీరు పొందింది బానిసను చేసే దాస్యపు ఆత్మ కాదు, దేవుని పిల్లలుగా చేసే దత్తపుత్రాత్మ అంటాడు, అబ్బా తండ్రీ అని పిలవమంటాడు. ఇంట్లోంచి గెంటేస్తారేమోనన్న భయంతో బతికే పిల్లవాడు తప్పులు మానడు, దాచడం నేర్చుకుంటాడు. మన సంఘాల్లో దాచడంలో ఆరితేరినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు.

ఇలా చెబితే జనం విచ్చలవిడిగా తయారవుతారని ఒక అభ్యంతరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది పౌలును కూడా అడిగారు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న ప్రశ్నకు ఆయన “అట్లనరాదు” అన్నాడే తప్ప, కృప మోతాదు తగ్గించలేదు. ఆ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాని బోధ ఏదో తేడాగా ఉందనే అర్థం.

అసలు విచ్చలవిడితనం నాకు వేరేచోట కనిపిస్తుంది. సామాన్య విశ్వాసికి చిన్న తప్పుకు నెలలపాటు సిగ్గు వడ్డించే కొందరు నాయకులు, తమ దాకా వచ్చేసరికి చప్పున కృపా సిద్ధాంతం పట్టుకుంటారు. సంఘం డబ్బు గల్లంతైనా, ఎవరి జీవితమో పాడైనా, “దేవుడు నన్ను క్షమించాడు, అడగడానికి మీరెవరు?” అంటారు. ఇది ఆత్మ ఇచ్చే స్వాతంత్ర్యం కాదు. వ్యభిచారం, హత్య చేసిన దావీదు రాజుతో ప్రవక్త నాతాను “నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను” అన్నాడు, దాని పర్యవసానాలను మాత్రం దాచలేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు ముందే వెళ్లాడు, ఏ షరతూ పెట్టలేదు. అన్యాయంగా పుచ్చుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్యే లేచి నిలబడి, అందరి ముందూ అన్నాడు. తలుపులు మూసుకుని నాకూ దేవుడికీ మధ్య తేల్చుకున్నాం అనలేదు. క్షమాపణ దొరికిందని చెప్పుకునే నాయకుడు వేదిక దిగాలి, హాని ఎవరికి చేశాడో వాళ్ల దగ్గరకు వెళ్లాలి, లెక్కలు బయటపెట్టాలి, చట్టం అడిగేదానికి జవాబు చెప్పాలి. మళ్లీ వేదిక ఎక్కడం సంగతి ఆ తర్వాత చూడవచ్చు, దాన్ని నిర్ణయించాల్సింది కూడా ఆయన కాదు.