మామ్మగారి ఏకాదశికి సున్నా మార్కులా?

ఉగాది ముందు ఆదివారం ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు సంఘం పెట్టిన ఆరోగ్య శిబిరం దిగ్విజయంగా జరిగిందని కార్యవర్గం ప్రకటించింది. బీపీ, షుగరు పరీక్షల వరకూ నాకూ అభ్యంతరం లేదు. మతిమరుపు పరీక్ష బల్ల దగ్గర జరిగింది మాత్రం మనసులోంచి పోవడం లేదు.

ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు వృద్ధుల వైద్యం పాఠాలు ఆన్‌లైన్‌లో పూర్తిచేసిన మెడికల్ విద్యార్థులు. మా వీధి మామ్మగారి వంతు వచ్చింది. ఎనభై దాటిన మనిషి, బడి గడప తొక్కలేదు.

"ఈరోజు తారీఖెంత మామ్మా?"

"ఏకాదశి బాబూ. పొద్దున్న పాలు తాగి వచ్చేశాను."

"తారీఖు చెప్పండి."

"బహుళ ఏకాదశి అంటున్నాను కదా. గురువారం ఉగాది."

కుర్రాడు సున్నా వేశాడు. నెల అడిగితే ఫాల్గుణం అంది, దానికీ సున్నాయే. ఒక వాక్యం రాయమన్నాడు, బొమ్మ చూసి గీయమన్నాడు. ఎన్నడూ కలం పట్టని చెయ్యి అది. చివరికి కొడుకుని పక్కకు పిలిచి "డిమెన్షియాలా ఉంది" అన్నాడు, అంటే మతిమరుపు జబ్బని. ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట.

ఆ పిల్లాడి తప్పని నేననను. అతను నేర్చుకున్న పరీక్షలో 30 మార్కులకు 10 మార్కులు ఈరోజు ఏదో, ఉన్న చోటు ఏదో చెప్పడానికే. చదువుకున్నవాళ్ల కోసం కట్టిన కొలత అది. ఈ చిక్కు కనిపెట్టే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువురాని పెద్దలకు పనికొచ్చేలా ఆ పరీక్షను హిందీలో మార్చి రాశారు. మన తెలుగుకీ హైదరాబాదు నిమ్స్‌లో జ్ఞాపకశక్తి పరీక్షలు సిద్ధం చేశారు. అక్కడే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పింది: రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువురానివారిలో కూడా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మన పెద్దల గురించి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? బరంపురం, కొరాపుట్ కాలేజీల్లో చదివే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే.

అలాగని ఆన్‌లైన్ చదువు వద్దనేవాళ్లతో నేను కలవను. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో జనరల్ మెడిసిన్ కింద వృద్ధుల వైద్యం ఉంది. చెప్పేవాళ్లెక్కడున్నారు? డాక్టర్ వి.ఎస్. నటరాజన్ లాంటివారి పట్టుదలతో మద్రాసులో ఈ శాఖకు ఎండీ మొదలైందే 1996లో. ప్రతి కాలేజీకీ ఒక నిపుణుడు రావాలంటే మన తరం వెళ్లిపోతుంది. పాఠం ఫోన్‌లోనైనా రానివ్వండి.

అది ఎంత పనికొస్తుందో మా ఇంట్లోనే చూశాను. పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఉన్నట్టుండి పగలంతా మగతగా ఉండటం, రాత్రి లేచి ఎప్పుడో పోయిన పెదనాన్నని పిలవడం మొదలుపెట్టింది. "వయసైపోయింది, ఇంకేముంది" అన్నారు అందరూ. మా బావమరిది కూతురు అప్పుడు మెడిసిన్ మూడో ఏడు. వీడియో కాల్‌లో పెద్దమ్మని పలకరించి, "ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పరచండి మావయ్యా" అంది. బిస్కెట్ల డబ్బా బోర్లించాం. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉంది, రెండూ వేస్తున్నారు. పైగా జలుబని పక్కింటివారిచ్చిన పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర, పూటకొకటి. ముసలివాళ్లలో అది మగత, తికమక తెస్తుందని ఆ పిల్ల ఆన్‌లైన్ పాఠంలోనే విందట. డాక్టరుకు చూపించి ఆ మాత్ర మాన్పించాం, బీపీ మందు ఒకటే ఉంచారు. పెద్దమ్మ మళ్లీ మనుషుల్లో పడింది.

ఆ పిల్లకీ శిబిరంలో కుర్రాడికీ పాఠం ఒకటే. ఆమె నాయనమ్మ పక్కన పడుకుని పెరిగింది, అతను హాస్టల్లో పెరిగాడు. పెద్దలు పడిపోయే ముప్పుందేమో తెలుసుకోవడానికి, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో వీడియో చూపిస్తుంది. మన నూతిగట్టు మీద నాచునీ, వీధరుగు మెట్ల ఎత్తునీ ఎవరు చూపిస్తారు?

మనమే చూపించాలి. ఏటా శాలువా కప్పి, గంటలకొద్దీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి పెద్దల్ని సన్మానిస్తున్నాం. ఆ ఖర్చులో కొంత ఇటు మళ్లించమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. ఒక్కో వైద్య విద్యార్థికి మన ఇళ్లలో ఒక పెద్దని అప్పగిద్దాం. నెలకోసారి వచ్చి కాసేపు కూర్చోవాలి, మందుల డబ్బా చూడాలి, పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ కొలవాలి. తెలుగు రాని ఒడియా పిల్లలకు మన పిల్లలు తోడు వెళ్లాలి. పెద్దలు ఒప్పుకుంటే వాళ్ల మాటలు రికార్డు చేసి కాలేజీ ఆన్‌లైన్ పాఠాల్లో చేర్చమని అడుగుదాం. తిథి చెప్పినా రోజు చెప్పినట్టేనని వచ్చే బ్యాచికి తెలుస్తుంది.

మా గుమ్మం తెరిచే ఉంది. కార్తీక వనభోజనాల లోపు మీ ఇంటి పేరు కూడా కార్యదర్శిగారికి ఇవ్వండి. మామ్మగారిని నేను ఒప్పిస్తాను.